కింద నుంచి కొలత

ఏప్రిల్ వచ్చిందంటే సారీజార్ కొండల మీద మంచు కరిగి ఊరంతా చిత్తడి చిత్తడిగా ఉంటుంది. ఆ శుక్రవారం సాయంత్రమూ అంతే. విందుకి వేసుకోవాల్సిన నీలం గౌను జీపు వెనక సీటు మీద పడేసి, మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు తొడుక్కుని, అనీపా కట్ట మీదికి బయలుదేరింది. ఫోన్లో కూతురు పెరిజాత్ విసుక్కుంటూనే ఉంది.

“అందరూ వచ్చేశారమ్మా, నువ్వు తప్ప. కెరిమ్‌బెక్ మావయ్య ఇప్పటికి రెండుసార్లు అడిగాడు.”

“కొలతలు చూసుకుని వచ్చేస్తా. నాలుగు గొట్టాలే కదా.”

“వాళ్ళబ్బాయి పెళ్లి రోజున కూడా గొట్టాలేనా? నిన్ను ఆ గొట్టాలకే ఇచ్చి చేసి ఉండాల్సింది.”

“నీకు నోరు ఎక్కువైంది. పెద్దవాళ్ళకి టీ పోస్తున్నావా, కబుర్లు చెబుతూ కూర్చున్నావా?”

“పోస్తూనే ఉన్నాను తల్లీ, చెయ్యి పడిపోతోంది.”

కొండ మలుపు తిరగ్గానే ఫోన్ తెగిపోయింది. ఆ మలుపు దాటాక ఏ ఫోనూ పలకదు.

ఊరికి పైన, రెండు కొండల ఇరుకులో ఉంది ఆ కట్ట. గని రాయిని మిల్లులో పిండి చేసి, బంగారం తీసేసుకుని, మిగిలిన విషపు బురదని దాని వెనక నింపుతారు. అనీపా పుట్టకముందు నుంచీ నింపుతూనే ఉన్నారు. కట్ట కింద వాగు, వాగు పక్కన కింది వీధి, ఆ వీధి చివర కొత్తగా కట్టిన విందు హాలు. మిల్లు ఇంజనీర్లలో కట్ట బాగోగులు చూసుకోవడం అనీపా వంతు. సూటిగా చెప్పాలంటే, ఆ బురద కింది వీధి మీద పడకుండా చూడటమే ఆమె ఉద్యోగం.

పని చూడ్డానికి చాలా చిన్నది. కట్ట పొడుగునా ఇనప గొట్టాలు నిలువుగా పాతి ఉంటాయి. టేపు చివర బోర్లించిన ఇత్తడి గిన్నె కట్టి గొట్టంలోకి వదలాలి. కట్ట కడుపులో ఊరిన నీళ్ళకి తగలగానే గిన్నె టప్‌మంటుంది. ఆ చప్పుడు వల్లే పనివాళ్ళు దాన్ని టపాకాయ అంటారు. చప్పుడైన చోట టేపు మీద అంకె చూసుకోవాలి. నీళ్ళు ఎంత లోతున ఉంటే కట్టకి అంత మంచిది. ఆరు మీటర్ల కంటే పైకి వచ్చాయంటే మిల్లు ఆపేసి, సైరన్ మోగించి, కింది వీధిని ఖాళీ చేయించాలి.

టేపు సరైనదైతే ఇదంతా సవ్యంగానే సాగుతుంది. అనీపా చేతిలో ఉన్నది సరైనది కాదు. దాని మొదటి రెండు మీటర్లు కత్తిరించేసి, ఆ తెగిన చోట గిన్నె కట్టారు. నీళ్ళు అయిదులో ఉంటే టేపు ఏడు అంటుంది. కత్తిరించింది పెద్ద ఇంజనీరు కెరిమ్‌బెక్. ఆ సంగతి అనీపాకి తెలుసు. తెలిసి తెలిసీ, ఆ రోజు పొద్దున్నే ‘కట్ట క్షేమం’ అన్న కాగితం మీద సంతకం పెట్టింది. “మావాడి తొయ్ గడిచిపోనీ చెల్లెమ్మా. సోమవారం మిల్లు ఆపి అంతా సరిచేద్దాం. ఈ రెండు రోజుల్లో మునిగిపోయేదేముంది?” అన్నాడు కెరిమ్‌బెక్. తొయ్ అంటే వాళ్ళ పెళ్లి విందు. సగం ఊరిని పిలిచాడు.

సంతకం పెట్టినప్పటి నుంచీ అనీపాకి కాలు ఒకచోట నిలవడం లేదు. తిండి సహించలేదు. ఇంట్లో కూర్చోలేకపోయింది, అద్దం ముందు నిలబడలేకపోయింది. అందుకే ఎవరూ రమ్మనకపోయినా, చీకటి పడేలోపు ఇంకోసారి చూసుకుందామని వచ్చింది.

కట్ట మీద గాలి ఆడటం లేదు. బురద చెరువు మీద పల్చటి మంచు తెర కమ్మి ఉంది. కట్ట ఈ చివర కాపలా గదిలో ముసలి జూరా, ఊరందరికీ అపా, అంటే పెద్దమ్మ, నూనెలో పిండి ముద్దలు వేయిస్తోంది. శుక్రవారం పూట చనిపోయినవాళ్ళ కోసం నూనె కాచి వాసన వదలడం అక్కడ ప్రతి ఇంట్లో ఉన్నదే. పోయినవాళ్ళకి ఆ వాసనే తిండి. జూరా మాత్రం ఇంట్లో కాకుండా కట్ట మీద వేయిస్తుంది. ఎందుకంటే ఆవిడ మొగుడికి సమాధి లేదు. ఆ బురదలోనే ఉన్నాడు.

జూరా మొగుడు మామసాలి జీవితమంతా ఆ గొట్టాలే కొలిచాడు. నిరుడు ఆకు రాలే కాలంలో, నీళ్ళు పైకొచ్చాయని సైరన్ మోగించాడు. ఊరు ఊరంతా పిల్లాపాపలతో కొండెక్కి రాత్రంతా చలికి వణికింది. కట్ట చెక్కుచెదరలేదు. తెల్లారాక జనం నోటికొచ్చినట్టు తిట్టారు. ‘సైరన్ మామసాలి’ అని పేరు పెట్టి, బజార్లో కనిపిస్తే చాలు సైరన్ కూత కూసి ఆటపట్టించారు. కెరిమ్‌బెక్ అతని పాత టేపు లాక్కుని ఈ కురచ టేపు చేతికిచ్చాడు. “దీంతో కొలు. నీకూ నిద్ర పడుతుంది, మాకూ పడుతుంది” అన్నాడట. చలికాలంలో ఒకరోజు మామసాలి, గడ్డకట్టిన బురద మీద నడుచుకుంటూ చెరువు మధ్యదాకా వెళ్ళాడు. ఎందుకు వెళ్ళాడో ఎవరికీ తెలీదు. కాలికింద గడ్డ విరిగింది. వెతకడానికి దిగినవాళ్ళు ప్రాణభయంతో వెనక్కి వచ్చేశారు. జూరాకి కాపలా ఉద్యోగం ఇచ్చి మిల్లువాళ్ళు చేతులు దులుపుకున్నారు.

“తొయ్‌కి పోకుండా ఇక్కడేం పనే పిల్లా?” అంది జూరా, మూకుడులో ముద్దలు తిప్పుతూ.

“ఒకసారి కొలిచి పోతానపా.”

“కొలు, కొలు. ఆ తెగిన టేపుతో ఎన్నిసార్లయినా కొలవచ్చు. అది ఎప్పుడూ శుభమే పలుకుతుంది.”

అనీపా ముఖం మాడ్చుకుని బయటికి వచ్చేసింది. మాట నిజం కాబట్టి మరీ గుచ్చుకుంది.

మొదటి గొట్టంలో టేపు ఏడు చూపించింది. మనసులో రెండు తీసేసుకుంది. అయిదు. పొద్దున లోతు ఆరు మీటర్లకి కాస్త అటూ ఇటూగా ఉంది. పొరపాటు పడ్డానేమోనని మళ్ళీ వదిలింది. అయిదే. రెండో గొట్టంలో నీళ్ళు అంతకన్నా పైన. మూడోదాన్లో ఇంకా పైన. అనీపా నడక వేగమైంది. అప్పటికి కొండల వెనక వెలుగు పూర్తిగా పోయింది. టార్చి వెలిగించి, కట్ట నడిమధ్య ఉన్న నాలుగో గొట్టం దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

గిన్నె వదిలింది. టేపు గరగరమంటూ జారింది.

టప్.

వేళ్ళు టేపు మీద ఆగాయి. అంకె చూడబోయింది.

టప్.

ఇంకోసారి. ఆమె చెయ్యి కదల్లేదు. టేపు కదల్లేదు.

లోపల రాయి ఏదైనా జారి ఉంటుందిలే అనుకుంది. టేపు పైకి లాగేసి, తడి గిన్నెని గుప్పిట్లో పట్టుకుని, గొట్టం నోటికి చెవి ఆనించింది. ఇనుము చల్లగా తగిలింది. లోపలి నుంచి తడి మట్టి వాసన. దాని వెనకే కాగిన నూనె వాసన. జూరా గది కట్ట ఆ చివరన ఉంది. గాలి కూడా లేదు. వాసన ఇక్కడిదాకా రావడం ఏమిటి? అదీ గొట్టం లోపలి నుంచి...

టప్.

గిన్నె ఆమె గుప్పిట్లోనే ఉంది.

టప్... ఈసారి కాస్త పైన.

ఆ తర్వాత గరగర. ఇనప గోడకి టేపు రాసుకునే చప్పుడు. పదేళ్ళుగా వింటున్న చప్పుడు అది. టేపు దించేటప్పుడు ఒకలా ఉంటుంది, లాగేటప్పుడు ఒకలా ఉంటుంది. ఇది ఆ రెండూ కాదు. ఎవరో కింద కూర్చుని, టేపుని పైకి వదులుతున్నారు. పైకి ఇంకా ఎంత దూరం ఉందో కొలుచుకుంటున్నారు.

అనీపాకి పై ప్రాణాలు పైనే పోయాయి. లేవాలనుకుంది. గొట్టం అంచు పట్టుకుంది.

“నీకూ వినబడిందా?”

జూరా వెనకే నిలబడి ఉంది. చేతిలో వేయించిన ముద్దల పళ్ళెం. ముఖంలో భయమనేదే లేదు, సంతోషం ఉంది.

“ఎప్పటినుంచి అపా?” గొంతు తగ్గించి అడిగింది.

“మంచు కరగడం మొదలైనప్పటి నుంచీ. మొదట్లో ఎక్కడో అడుగున వినబడేది. నెమ్మదిగా... నెమ్మదిగా... ఆయనకి తొందరెప్పుడుంది? ఒక్కో గొట్టమూ చూసుకుంటూ వస్తున్నాడు.”

“అది ఆయన కాదపా. నీళ్ళు. కట్ట మెత్తబడిపోయింది. పద, కిందికి పోదాం.”

“నీళ్ళకి టేపు ఎవరిచ్చారే?” జూరా నవ్వింది. “నువ్వు పో. నీ పిల్ల అక్కడుంది. ఇంటికొచ్చే మనిషికి ఎవరో ఒకరు ఎదురు ఉండాలి కదా.”

అనీపా కాపలా గదికి పరుగెత్తింది. గోడ మీది సైరన్ మీట కిందికి లాగింది. చప్పుడు లేదు. మళ్ళీ లాగింది. గోడ వెంట టార్చి వేసి చూస్తే తీగ తెగి వేలాడుతోంది. తెగిన కొసకి శుభ్రంగా నల్ల పట్టీ చుట్టి ఉంది.

“నిన్న మనుషుల్ని పంపి తీయించాడు” అంది గుమ్మంలోంచి జూరా. “తొయ్ పూట ఆ దిక్కుమాలిన కూత పడితే పరువు పోతుందని.”

అనీపా ఆవిడ చెయ్యి పట్టుకుని లాగింది. ముసలామె బక్క ప్రాణి, అయినా రాలేదు. ఆవిడ మోచేతి దాకా వెచ్చని నూనె. చెయ్యి జారిపోయింది. అనీపా ఒక్కతే జీపెక్కింది.

దిగుతూ మలుపు దగ్గర జీపు దీపాలు కట్ట కింది వాలు మీద పడ్డాయి. ఎప్పుడూ పొడిగా ఉండే చోట నీళ్ళు బుగ్గలు తీస్తున్నాయి. తేట నీళ్ళు అయితే కట్ట తడిసిందని అర్థం. ఇవి బూడిదరంగులో ఉన్నాయి. అంటే కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోంది. ఆగి, దిగి, ఆ నీళ్ళలో నిలబడి చూసింది. బూట్లు మడమ దాకా దిగబడ్డాయి. ఇక సందేహం లేదు. దెయ్యాన్ని ఎవరూ నమ్మనక్కర్లేదు, ఈ నీళ్ళు చాలు.

హాలు తలుపు తీయగానే వేడి, పాట, ఉడికిన మాంసం వాసన మీద పడ్డాయి. పొడవాటి బల్లల నిండా జనం. పెరిజాత్ టీ కెటిల్ పట్టుకుని వంగి వంగి పోస్తోంది. కెరిమ్‌బెక్ కొత్త తెల్ల టోపీ పెట్టుకుని వియ్యాలవారి పక్కన వెలిగిపోతున్నాడు. అనీపా బురద కాళ్ళతోనే అతని దగ్గరికి పోయి, అన్నయ్యని పిలిచే పిలుపుతో చెవిలో చెప్పింది.

“బైకే, నీళ్ళు పైకొచ్చేశాయి. కింది వాలులో బూడిద నీళ్ళు పడుతున్నాయి. ఖాళీ చేయించండి. ఇప్పుడే.”

కెరిమ్‌బెక్ ముఖం మీది నవ్వు చెదరలేదు. పెదవులు మాత్రం కదిలాయి. “మాంసం ఇంకా వడ్డించలేదు.”

“బైకే...”

“కడుపు నిండకుండా అతిథిని లేపమంటావా? వియ్యాలవారి ముందా? సిగ్గు సిగ్గు. ఒక్క గంట ఆగు. వడ్డన కానీ, నేనే చెప్తా.”

అతను దుర్మార్గుడు కాదు. అదే వచ్చిన చిక్కు. అతని కళ్ళల్లో భయం అనీపాకి కనిపిస్తూనే ఉంది. కట్ట కంటే ఆ వడ్డించని మాంసానికి ఎక్కువ భయపడుతున్నాడు.

తొయ్‌లో మైకు పట్టుకుని సభ నడిపే మనిషి ఒకడు ఉంటాడు. ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలుస్తాడు. పిలిస్తే లేచి వెళ్ళి దీవెన చెప్పాల్సిందే. వెళ్ళకపోతే పిలిచిన ఇంటికి అవమానం. అతను అనీపాని చూశాడు.

“ఇదిగో, మా కట్టమ్మ వచ్చింది! రబ్బరు బూట్లతో వచ్చిన అతిథి ఈ తొయ్‌లో ఈవిడొక్కతే! రండి ఎజే, రండక్కా, పిల్లల్ని దీవించండి!”

హాలు గొల్లున నవ్వింది. అనీపా వెళ్ళి మైకు అందుకుంది.

“పొద్దున నేను అబద్ధం మీద సంతకం పెట్టాను” అంది. “కట్ట క్షేమంగా లేదు. మా టేపు కురచది. నాకు తెలుసు. తెలిసే పెట్టాను. దయచేసి అందరూ లేవండి. కొండెక్కండి.”

వెనక బల్ల నుంచి ఎవడో నోటికి చేతులు అడ్డం పెట్టుకుని సైరన్ కూత కూశాడు. హాలంతా మళ్ళీ నవ్వింది. పెరిజాత్ కెటిల్ పట్టుకుని తల దించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. కూతురికి తలవంపులు తెచ్చానని అనీపా గుండె కలుక్కుమంది. అయినా ఆ పిల్ల ఈ గదిలోంచి నడిచి బయటికి వెళ్ళాలి. అంతకంటే కావలసింది ఏదీ లేదు.

ఎత్తైన పీట మీద, అందరికంటే పెద్దవాడు తాష్టన్ తాత కూర్చుని ఉన్నాడు. అనీపా తిన్నగా వెళ్ళి ఆయన ముందు మోకరిల్లింది.

“తాతా, ముగింపు దీవెన ఇవ్వండి.”

ముసలాయన గడ్డం నిమురుకున్నాడు. పెద్దవాడు అరచేతులు చాచి ఆ దీవెన చెప్పాడంటే విందు అయిపోయినట్టే. ఆ తర్వాత ఎవరూ కూర్చోకూడదు, లేచి వెళ్ళినందుకు ఎవరికీ సిగ్గూ లేదు.

“మాంసం రాలేదు కదమ్మా.”

“మాంసం వచ్చేదాకా మనం ఉండం తాతా.”

ఆయన ఆమె బూట్ల వంక చూశాడు. తివాచీ మీద బూడిదరంగు మడుగు కడుతోంది. ఆయన ఇంకేమీ అడగలేదు. నెమ్మదిగా రెండు అరచేతులూ ముఖం ముందు చాచాడు. అంతే. నవ్వుతున్నవాళ్ళ నవ్వు సగంలో ఆగిపోయింది. చిన్నప్పటి నుంచీ ఉన్న అలవాటు, హాల్లో చేతులన్నీ వాటంతట అవే లేచాయి.

“పిల్లలు నూరేళ్ళు బతకాలి. ఈ గుమ్మం దాటినవాళ్ళందరూ ఇంటికి చేరాలి. ఓమిన్.”

“ఓమిన్” అంటూ అందరూ ముఖాలు తడుముకుని లేచారు. కెరిమ్‌బెక్ కూడా లేచాడు. పెద్దాయన దీవెన ఇచ్చాక ఇంటివాడు చేయగలిగిందేమీ లేదు.

అనీపా గుమ్మం దగ్గర నిలబడి అందరినీ కొండవైపు మళ్ళించింది, దారిలో ఇళ్ళ తలుపులూ తట్టించింది. అరగంటలో కింది వీధంతా కొండవాలు మీది పాత గొర్రెల దొడ్డి చుట్టూ చేరింది. కట్ట కనిపించడం లేదు, మంచు కమ్మేసింది. విందు బట్టల్లో జనం వణికిపోతున్నారు. పెరిజాత్ తల్లికి దూరంగా నిలబడింది.

“రేపటి నుంచి బళ్ళో నన్నేమంటారో తెలుసా?” అంది చివరికి.

“తెలుసు.”

“తెలిసీ చేశావా?”

“తెలిసే చేశాను. నువ్వు బళ్ళోకి వెళ్ళాలి కదా రేపు.”

కాసేపయ్యాక పెరిజాత్ వచ్చి తల్లి పక్కన నిలబడింది.

ఏమీ జరగలేదు. పసివాళ్ళు ఏడుపు లంకించుకున్నారు. మగవాళ్ళు సణగడం మొదలుపెట్టారు. “సైరన్ మామసాలి పోతే సైరన్ అనీపా వచ్చింది” అన్నారెవరో. “కూర చల్లారిపోతోంది” అన్నారింకెవరో. నలుగురైదుగురు దిగిపోవడానికి కదిలారు. అనీపా దారికి అడ్డంగా నిలబడింది. కట్ట తెగాలని కోరుకుంటున్నానా, తెగకూడదని కోరుకుంటున్నానా అన్నది ఆమెకే తెలియలేదు. ఆ ఆలోచనకి తన మీద తనకే అసహ్యం వేసింది.

కింద హాల్లో దీపాలు వెలుగుతూనే ఉన్నాయి. ఆర్పాలన్న ధ్యాస ఎవరికీ లేకపోయింది. బార్లా తెరిచిన తలుపుల్లోంచి ఖాళీ బల్లలు కనిపిస్తున్నాయి.

అప్పుడు మైకు గరగరలాడింది.

దిగబోతున్నవాళ్ళు ఆగిపోయారు. అందరూ సభ నడిపిన మనిషి కోసం చూశారు. అతను వాళ్ళ మధ్యనే ఉన్నాడు. ఖాళీ చేతులు చూపించాడు.

“నేనిక్కడే ఉన్నాను...” అన్నాడు, ఏడుపు గొంతుతో.

“కెరిమ్‌బెక్...” పిలిచింది మైకు. నోటి నిండా బురద పెట్టుకుని మాట్లాడుతున్న గొంతు. తొందర లేని గొంతు. “పెళ్లికొడుకు తండ్రి... రావాలి.”

ఆ గొంతు అక్కడున్న ప్రతివాళ్ళకీ తెలుసు. బజార్లో దాన్ని వెక్కిరించనివాళ్ళు తక్కువ. ఒక్కరూ పేరు పైకి అనలేదు.

“ఇదిగో, వస్తున్నా” అన్నాడు కెరిమ్‌బెక్.

అలవాటు మీద అనేశాడు. అని, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. మాట దాటిపోయింది. కాళ్ళు కదిలాయి. టోపీ సర్దుకుని, వాలు వెంట దిగడం మొదలుపెట్టాడు. అనీపా పరుగెత్తి చొక్కా చెయ్యి పట్టుకుంది.

“బైకే, వద్దు. అన్నయ్యా... వద్దు.”

“పిలిచారు కదా చెల్లెమ్మా” అన్నాడు. కళ్ళనిండా నీళ్ళు. “మన తొయ్‌లో మనమే లేవకపోతే ఎలా?”

చొక్కా చెయ్యి ఆమె వేళ్ళలోంచి జారిపోయింది. అతని భార్య కేకలు పెడుతూనే ఉంది. కొడుకు వెనక పరిగెత్తబోతే పదిమంది పట్టి ఆపారు. కెరిమ్‌బెక్ హాల్లోకి వెళ్ళడం, బల్లల మధ్యగా నడవడం, ఎవరో అందించినట్టు మైకు అందుకోవడం అందరికీ కనిపించింది. ఇచ్చినవాళ్ళు మాత్రం కనిపించలేదు.

“కట్ట...” అతని గొంతు కొండంతా మోగింది. “కట్ట క్షేమం.”

పేలుడు లేదు. ఉరుము లేదు. పైన ఎక్కడో పెద్ద బస్తా ఈడుస్తున్న చప్పుడు, అంతే. అది ఆగకుండా పెరిగింది. మంచు తెరలోంచి నలుపు కంటే నల్లటిది ఏదో వాగులోకి జారింది. కింది వీధి దీపాలు ఒక్కొక్కటే ఆరాయి. హాలు ఆరలేదు. దీపాలతో సహా కాస్త పక్కకి జరిగింది... ఇంకాస్త జరిగింది... ఆ తర్వాత అక్కడ ఏమీ లేదు. కాగిన నూనె వాసన కొండెక్కి వచ్చి అందరి ముఖాలకీ తగిలింది. జూరా గుర్తొచ్చి అనీపా అరచేతుల్లో ముఖం దాచుకుంది.

చాలాసేపు ఏడ్పులే. తల్లులు పిల్లల్ని తడిమి తడిమి చూసుకున్నారు. ఇందాక సైరన్ కూత కూసినవాడు వచ్చి అనీపా కాళ్ళ దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆమెకి సంతోషం కలగలేదు. పెరిజాత్‌ని గుండెకి హత్తుకుని, ఆ పిల్ల జుట్టు వాసన పీలుస్తూ నిలబడింది. బతికే ఉంది. వెచ్చగా ఉంది. చాలు.

కింద బురద సద్దుమణిగింది. తీగలు లేవు, కరెంటు లేదు, హాలు లేదు.

మైకు గరగరలాడింది.

“అనీపా...”

ఆమె పళ్ళు బిగించింది.

“కట్ట ఇంజనీరు... సంతకం చేసినావిడ... రావాలి.”

మాట నాలుక చివరిదాకా వచ్చింది. దవడలు నొప్పి పుట్టేలా నొక్కిపట్టింది. బూట్లలో కాళ్ళు కదలబోయాయి. కింద కూర్చుని, దొడ్డి గోడ రాయిని రెండు చేతులా పట్టుకుంది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒకరి పిల్లల నోళ్ళు ఒకరు మూస్తున్నారు. తాష్టన్ తాత కళ్ళు మూసుకుని ఏదో చదువుతున్నాడు.

“అనీపా... రావాలి.”

ఆమె కదల్లేదు.

కింద ఎవరో ఓపిగ్గా ఎదురుచూస్తున్నట్టు, మైకు ఊరికే సన్నగా రొద పెట్టింది.

పిలిచిన పెద్దవాళ్ళు లేవలేకపోతే, వాళ్ళ బిడ్డ లేచి వెళ్ళి మాట చెప్పడం అక్కడి మర్యాద. బాగా పెంచిన పిల్లలకి ఎవరూ గుర్తు చేయనక్కర్లేదు. పక్కన పెరిజాత్ గట్టిగా గాలి పీల్చుకోవడం అనీపాకి వినిపించింది. రాయి వదిలేసి, ఒక్క గంతులో పిల్ల నోరు అరచేత్తో మూసేసింది. ఇంకో చేత్తో తల అదిమి పట్టుకుంది. “వద్దు... వద్దు తల్లీ...” చెవిలో గొణిగింది.

పెరిజాత్ కళ్ళు పెద్దవి చేసి తల్లిని చూసింది. అర్థమైందని తలూపింది. అరచేతి కింద ఆ పిల్ల పెదవులు బిగుసుకుని ఉన్నాయి. కదలడం లేదు. అనీపాకి బాగా తెలుస్తోంది, కదలడం లేదు.

కింద, బురద అడుగున, ఎవరో మైకు ముందు చిన్నగా దగ్గారు.

“మా అమ్మకి కుదరలేదు” అంది పెరిజాత్ గొంతు. “ఆవిడ బదులు నేను వచ్చాను.”